పన్నెండు మెరుపులు

ఆ ఏడాది ఉరుముల కాలం అప్పుడే మొదలైంది. అక్క ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఆసరాకి చెయ్యి అందిస్తే విదిలించుకుంది. మెట్లన్నీ తనే ఎక్కి, గుమ్మంలో నిలబడి, "ఏమే, మీ ఇంట్లో... అదీ... పడుకునేది ఎక్కడ?" అంది.

"మంచమా?" అంది అమ్మ లోపలి నుంచి.

"ఆ. మంచం."

అంత మామూలు మాట అక్కకి దొరక్కపోవడం మాకు అదే మొదటిసారి. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ మాత్రం ఏమీ జరగనట్టు దుప్పటి దులుపుతూ ఉండిపోయింది.

అక్క వేరే ఊరి బడిలో ఆటల టీచరు. అంతకుముందు వారం మైదానం అంచున ఉన్న దీపాల స్తంభం మీద పిడుగు పడింది. స్తంభం పక్కనే లాంగ్ జంప్ ఇసుక గుంత. నేలలో పాకిన కరెంటు అక్కనీ, అప్పుడే ఇసుకలోకి దూకిన ఒక అమ్మాయినీ పడగొట్టింది. అక్క కాసేపటికి లేచింది. ఆ పిల్ల లేవలేదు. గుండె ఆగిపోయింది. అక్క పిల్ల ఛాతీ మీద నొక్కుతూ కూర్చుంది. పిల్ల బతికింది. కానీ ఎడమ చెవి పోయింది, ఎడమ కాలు ఈడుస్తోంది. కాలు తిరిగి వస్తుందని డాక్టర్లు అంటున్నారు. ఎప్పుడని అడిగితే మాట మారుస్తున్నారు.

చిన్నప్పుడు అక్కని అందరూ చిచ్చరపిడుగు అనేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట ఎవరి నాలిక చివరికి వచ్చినా అక్కడే ఆగిపోయేది. అమ్మ ఒక్కతే ఆగలేదు.

"నా కడుపున ఎలాంటివాళ్ళు పుట్టారో చూడండి," అంది రెండో రోజు పాలు కాస్తూ. "ఒకర్తె పిడుగుల మీద జీతం తీసుకుంటుంది. ఇంకొకర్తె నెత్తిన వేయించుకుని వచ్చింది."

అక్క పకపకా నవ్వింది. మా ఇంటికి వచ్చాక తను నవ్వడం అదే మొదలు.

అమ్మ చెప్పింది నిజమే. మెరుపులు చూడటమే నా ఉద్యోగం. భూమి మీద ఒకే చోటుని చూస్తూ, చాలా ఎత్తున నిలబడ్డట్టు తిరిగే ఉపగ్రహం ఒకటి ఉంది. దాని కెమెరా సెకనుకి కొన్ని వందల బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మలో లేని వెలుగు తరవాతి బొమ్మలో కనిపిస్తే అది మెరుపేమో అని పట్టుకుంటుంది. పైనుంచి చూస్తే మెరుపు తీగలా కనపడదు. మబ్బు లోపల ఎవరో దీపం వెలిగించి ఆర్పినట్టుంటుంది. ఒక్కోసారి చెరువు నీళ్ళ మీద ఎండ తళుక్కుమన్నా కెమెరా మెరుపని పొరబడుతుంది. అలాంటివి ఏరి పారేయడం, ఉరుముల గాలివాన ఎటు కదులుతోందో చూసి ఆ దారిలో ఉన్న ఊళ్ళకి హెచ్చరిక పంపడం వాతావరణ శాఖలో మా సెక్షన్ పని.

అక్కకి పిడుగు దెబ్బ తగిలిన రోజు నాకు సెలవు. ఆ సంగతి అక్కే నాకు రెండుసార్లు గుర్తు చేసింది. ఎందుకో నేను అడగలేదు.

*

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. మొదటి ఉరుముకే అక్క చేతిలోని కప్పు కింద పడింది. సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ గదికి కిటికీ లేదు.

మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పాత కంప్రెసర్లు, గొట్టాలు, పనిముట్లు అన్నీ ఆ గదిలోనే. అమ్మ తలుపు తట్టబోతే వద్దని సైగ చేసి, తను ఒక కంప్రెసర్ తెచ్చుకుని గది బయట నేల మీద చతికిలబడ్డాడు.

"వదినా, ఆ అరలో పది నంబరు స్పానర్ ఉంటుంది. కాస్త అందిస్తారా?"

కాసేపటికి తలుపు సందులోంచి స్పానర్ పట్టుకున్న చెయ్యి బయటికి వచ్చింది.

"ఇది పన్నెండు నంబరు వదినా. పక్కది."

"చీకట్లో ఎలా కనపడుతుంది మరిదీ? నేనేమన్నా పిల్లినా?"

"తడిమి చూడండి. సన్నగా ఉంటుంది."

వాన ఉన్నంతసేపూ ఒకదాని తరవాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు. పెద్ద ఉరుము ఉరిమినప్పుడల్లా ఇంకేదో కావాలనేవాడు. వాన వెలిసి అక్క బయటికి వచ్చేసరికి ఆయన ముందు పనిముట్ల కుప్ప పడి ఉంది. కంప్రెసర్ మూత కూడా తియ్యలేదు.

అక్క ఆ కుప్ప చూసింది, ఆయన్ని చూసింది. "మీ పని చాలా నిదానం మరిదీ," అని మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

అమ్మ పద్ధతి వేరు. అక్కకి మాట దొరక్కపోతే అమ్మ అందించేది. జల్లెడ, దిండు, తాళంచెవి, సోమవారం. అక్క చెయ్యి గాల్లో తిప్పుతుంటేనే అమ్మకి తెలిసిపోయేది. వాళ్ళిద్దరికీ ఇరవై ఏళ్ళుగా పడదు. ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఈల ఊదుకుంటూ తిరగడమేమిటని అమ్మ. ఇష్టం లేకపోతే చూడటం మానేయమని అక్క. అక్క ఉండే క్వార్టర్స్ గడప అమ్మ ఒక్కసారి కూడా తొక్కలేదు. అలాంటిది ఇప్పుడు ఒకరి వాక్యం ఒకరు పూర్తి చేస్తున్నారు. పూర్తి చేశాక మళ్ళీ పోట్లాడుకుంటున్నారు.

"అప్పడాల కర్ర కాదమ్మా, నేనడిగింది చీపురు."

"చెయ్యి అలా తిప్పితే అప్పడాల కర్రే. చీపురైతే ఇలా తిప్పాలి."

*

ఒకరోజు బడి నుంచి హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. ప్రమాదం మీద విచారణ పెట్టారట. బీమా మనిషి, హెడ్మిస్ట్రెస్, ఆ అమ్మాయి తండ్రి ఉంటారు. అక్క కూడా రావాలి. ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "ఆ రోజు మన ఊరి చుట్టూ పన్నెండు మెరుపులు నమోదయ్యాయట. వాతావరణ శాఖ వాళ్ళ సమాచారమే. అన్ని ఉరుములు విని కూడా పిల్లల్ని లోపలికి ఎందుకు పంపలేదని అడుగుతారు. ఏం చెప్పాలో ఆలోచించుకోండి," అందట.

అక్క వచ్చి మా ముందు కూర్చుంది. "పన్నెండట. నాకు ఒక్క ఉరుమూ వినపడలేదే."

అమ్మ మెల్లిగా అంది, "దెబ్బ తగిలాక గుర్తులేదేమోనే. మొన్న సబ్బుని ఏమంటారని నన్నడిగావు."

"మాటలు మర్చిపోతున్నాను గానీ ఆ రోజు మర్చిపోలేదమ్మా. తెల్లటి మబ్బు. ఎండ కూడా పల్చగా ఉంది. ఉరుము లేదు, చినుకు లేదు. నువ్వు చెప్పవే చెల్లీ. నీ కెమెరా అబద్ధం చెబుతుందా?"

"చెప్పదు."

"అయితే నేను చెబుతున్నానన్నమాట."

అలాంటిదేం లేదనాలి అప్పుడు. అనలేకపోయాను. నాకు నిజంగానే తెలియదు. పన్నెండు చిన్న సంఖ్య కాదు. అక్క నా మొహంలో అది చదివేసింది. లేచి, "టీ పెడతాను," అంది. టీ అన్న మాట ఎవరూ అందించకుండానే దొరికింది తనకి.

*

మర్నాడు ఆఫీసులో మా సెక్షన్ పెద్ద దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని వెనకాల అందరం మ్యూట్ అనేవాళ్ళం. అవునంటే తల ఒకసారి ఆడేది, కాదంటే అదీ ఆడేది కాదు. ఫలానా రోజు పాత సమాచారం తెరిచి చూసుకోవచ్చా అని అడిగాను. ఎందుకో కూడా చెప్పాను. తల ఆడింది.

తెర మీద అక్క ఊరు, దాని చుట్టూ పన్నెండు చుక్కలు. లెక్క తప్పలేదు. బయటివాళ్ళు చూసే పేజీలో ఒక ఊరి పేరు కొడితే ఆ ఊరి చుట్టుపక్కల పడ్డవే చూపిస్తుంది. అందుకని నేను పటం పెద్దది చేశాను. చుక్కలు పన్నెండుతో ఆగలేదు. పడమటివైపు ఇంకా ఉన్నాయి, చీమల బారులా, ఒకదాని వెనక ఒకటి. ఆ బారు వెళ్ళి వెళ్ళి బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్ద గాలివానలో కలిసింది.

అప్పుడు ప్రతి చుక్క టైమూ చూశాను. ఒకటి ఆరిన క్షణానికి, సరిగ్గా అది ఆరిన చోటే, తరవాతిది మొదలవుతోంది. మొత్తం కలిపితే ఏడు సెకన్లు కూడా లేవు.

మా కంప్యూటర్‌కి ఒక అలవాటుంది. ఒక మెరుపు మరీ పొడుగైపోతే, మరీ సేపు వెలిగితే, దాన్ని అక్కడికి ముగించి, మిగిలినదాన్ని కొత్త మెరుపుగా రాసుకుంటుంది. లేకపోతే లెక్కలు మోయలేక చతికిలబడుతుంది. మామూలు మెరుపులకి ఆ అవసరం రాదు. ఎప్పుడో గాని రాని పొడుగాటి మెరుపుని మాత్రం ముక్కలు చేసేస్తుంది. నేను ముక్కల్ని అంటించడం మొదలుపెట్టాను. అన్నీ అంటుకున్నాయి.

పన్నెండు కావు. ఒక్కటే.

పెద్ద గాలివాన వెళ్ళిన దారిలో దాని వెనక పల్చటి తెల్లమబ్బు పరుచుకుని ఉంటుంది. చూడటానికి అమాయకంగా ఉంటుంది. ఆ మెరుపు ఆ గాలివానలో పుట్టి, ఆ పల్చటి మబ్బు పొడుగునా పాక్కుంటూ వచ్చి, అక్క ఊళ్ళో నేలకి దిగింది. అది పుట్టిన చోట ఉరిమిన ఉరుము దారిలో సగం ఊళ్ళకి కూడా వినపడదు. అక్కకి వినపడే అవకాశమే లేదు.

మ్యూట్ ఎప్పుడు వచ్చి నా వెనక నిలబడ్డాడో చూసుకోలేదు. చాలాసేపు తెర చూశాడు.

"ఇక దీన్ని నువ్వు ముట్టుకోకు," అన్నాడు.

నేను కుర్చీలో వెనక్కి తిరిగాను. "సార్, అది మా అక్క..."

"అందుకే. చెల్లెలు అంటించిందంటారు. ఏ ఊరో, ఎందుకో చెప్పకుండా ఇద్దరి చేత విడివిడిగా చేయిస్తాను."

వారం తరవాత నా బల్ల దగ్గరికి వచ్చి, ఒక వేలు చూపించి వెళ్ళిపోబోయాడు. ఒకటే అని. మళ్ళీ ఆగి, "మన హెచ్చరిక ఆ ఊరి దాకా వెళ్ళలేదు. గాలివాన ఉన్నంతవరకే గీత గీశాం. ఆ మబ్బు సంగతి వదిలేశాం. అది కూడా చెబుతాను," అన్నాడు.

"చెబితే మన మీదకొస్తుంది సార్."

"రానీ."

*

విషయం చెబితే అక్క ఎగిరి గంతేస్తుందనుకున్నాను. తను, "నాకు చూపిస్తావా?" అంది అంతే.

ఒక శనివారం పొద్దున్నే ఆఫీసుకి తీసుకెళ్ళాను. మ్యూట్ తన కుర్చీ తెచ్చి అక్కకి వేసి, తను కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను ఆ ఏడు సెకన్లని బాగా నెమ్మదిగా నడిపించాను. చీకటి పటం మీద ఒక మూల వెలుగు పుట్టింది. రెండు పాయలైంది. ఒక పాయ అక్కడే ఆరిపోయింది. రెండోది తడబడుతూ, ఆగినట్టే ఆగి, మళ్ళీ కదిలి, తూర్పుగా పాకింది.

"అసలు వేగంతో పెట్టు," అంది అక్క.

పెట్టాను. అక్క కుర్చీ అంచుకి జరిగింది. ఒక వేలు పైకెత్తింది. పిల్లలకి పరుగు మొదలుపెట్టమని సైగ చేసేటప్పుడు అలాగే ఎత్తుతుంది. వెలుగు కదలగానే వేలు దించింది.

"ఇక్కడ పిల్ల పరుగు మొదలెట్టింది... వేగం అందుకుంది... ఇదిగో, ఇసుక అంచున పలక తొక్కింది... దూకింది."

తెర మీద చివరి చుక్క వెలిగి ఆరింది.

ఆ పిల్ల అడుగు తీసి అడుగు వేసేటప్పటికే అంత దూరంలో ఆ మెరుపు కూడా బయల్దేరింది. మేం రోజూ సెకనులో వందల ముక్కలు చూస్తాం. అందులో ఒక పిల్ల పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"ప్రాక్టీసు అయిపోయిందని చెప్పేశాను," అంది అక్క తెర వైపే చూస్తూ. "అందర్నీ వెళ్ళిపొమ్మన్నాను. 'ఇంకొక్కటి మేడమ్' అంది ఆ పిల్ల. సరే అన్నాను."

"అది తప్పెలా అవుతుందే? ఉరుమే లేనప్పుడు..."

"నాకు తెలుసు. నీకర్థం కావట్లేదు." అక్క నా వైపు తిరిగింది. "నా తప్పనుకున్నప్పుడే కాస్త నయంగా ఉండేది చెల్లీ. ఉరుము విని కూడా ఆపలేదంటే, ఇకమీదట విని ఆపుతాను. ఇప్పుడు? దేన్ని విని ఆపను?"

కిటికీ దగ్గర్నుంచి మ్యూట్, "మేం చెప్పాలమ్మా. మీరు వినడం కుదరనప్పుడు మేం చెప్పాలి," అన్నాడు.

*

విచారణ ఒక తరగతి గదిలో జరిగింది. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాం. ఆ అమ్మాయి తండ్రి వెనక బెంచీలో ఉన్నాడు. ఇళ్ళకి కిటికీ అద్దాలు బిగిస్తాడాయన. వేళ్ళ నిండా పాత గాట్లు. ప్రమాదం జరిగినప్పట్నుంచి అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆస్పత్రిలో అక్క పలకరిస్తే లేచి బయటికి వెళ్ళిపోయాడట.

మ్యూట్ ఆ రోజు మాట్లాడినంత మాట నేను ఏడాది మొత్తంలో వినలేదు. బల్ల మీద పటం పరిచి, ముక్కలు ఎలా అయ్యాయో, ఎలా అతికాయో, ఇద్దరు విడివిడిగా చేసినా ఎలా ఒకటే వచ్చిందో చెప్పాడు. మా హెచ్చరిక గీత ఎక్కడ ఆగిపోయిందో కూడా వేలు పెట్టి చూపించాడు.

"అయితే టీచరు తప్పు లేదంటారు?" అన్నాడు బీమా మనిషి.

"ఉరుము వినపడే అవకాశం లేదంటాను. నాకు తెలిసింది అంతవరకే."

హెడ్మిస్ట్రెస్ ఊపిరి వదిలింది. కాగితాలు సర్దుకోబోయింది. అప్పుడు అక్క లేచి నిలబడింది. నేను తన చెంగు పట్టుకుని లాగాను. విడిపించుకుంది.

"మీకొక మాట చెప్పాలి," అంది వెనక బెంచీకేసి. "ఆ టైముకి... అదీ... ఆటలు..." చెయ్యి గాల్లో తిరిగింది. అందించడానికి అమ్మ లేదు. నేను పెదవి కదపబోయాను. ఈలోగా తనకే దొరికింది. "ప్రాక్టీసు అయిపోయింది. అందరూ వెళ్ళిపోయారు. ఇంకొక్కసారి దూకుతానంది. నేను సరే అన్నాను. అనకపోతే అప్పటికి తను గేటు దాటి ఉండేది. ఇది ఏ కెమెరాలోనూ లేదు. మీకు తెలియాలి."

బీమా మనిషి కలం తీసి మళ్ళీ మూశాడు. అద్దాలాయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"అడిగింది మా పిల్లేనా? మీరు ఉండమన్నారా?"

"తనే అడిగింది."

"ఇంట్లోనూ అంతే," అన్నాడు. "ఉయ్యాల ఊపితే ఇంకొకటి. సైకిల్ మీద వీధి చుట్టూ తిప్పితే ఇంకొకటి. కాదనడం నాకూ చేతకాదు."

మేం బయటికి వస్తుంటే ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు. అక్క తల వంచుకుని దాటబోయింది.

"మేడమ్, దాని ఛాతీ మీద ఎంతసేపు నొక్కారు?"

"తెలీదండీ. అంబులెన్స్ వచ్చేదాకా."

"మీ చేతులు కూడా కాలాయటగా అప్పటికే."

"అప్పుడు తెలియలేదు."

ఆయన తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

*

వానలు తగ్గుముఖం పట్టేనాటికి అక్క ఉద్యోగంలో చేరుతానంది. బయల్దేరే రోజు పొద్దున అమ్మ పెట్టె కూడా గుమ్మంలో ఉంది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నాను.

"దీనికి మాటలెవరు అందిస్తారు? బడిలో చీపురు అడగబోయి చెయ్యి ఊపితే పిల్లలు డాన్స్ అనుకుంటారు."

"నీ సాయం నాకేం అక్కర్లేదు," అంది అక్క.

"అక్కర్లేదన్న మాట బాగానే వచ్చిందే. నడువు."

మా ఆయన రెండు పెట్టెలూ బస్సెక్కించి వచ్చి, సామాన్ల గది ముందు కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. నాకు అమ్మ ఉన్న ఇల్లే ఇల్లని అలవాటు. అలిగానా అంటే, రెండు రోజులు అలిగాను.

ఆ సీజన్ చివర్లో ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నాను. పెద్ద గాలివాన ఒకటి దూరంగా పోతోంది. దాని వెనక పల్చటి మబ్బు అక్క ఊరి మీదకి పరుచుకుంటోంది. ఇప్పుడు మా గీత ఆ మబ్బుని కూడా కలుపుకునే గీస్తున్నాం. బడికి హెచ్చరిక వెళ్ళిపోయింది. అయినా ఆగలేక ఫోన్ చేశాను.

"అందర్నీ లోపలికి తోలేశాను," అంది అక్క. వెనక పిల్లల గోల. "ఎండ కాస్తోందే బయట. వాన లేదు, ఉరుము లేదు. నన్ను తిట్టుకుంటున్నారు. మీ అమ్మ వీళ్ళకి కథ చెప్పబోతే ఇంకా గోల చేస్తున్నారు."

"అమ్మ బడికి కూడా వస్తోందా?"

"ఆపగలవా నువ్వు?"

ఇంతలో ఫోన్‌కి బాగా దగ్గర్నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. ఒక చెవితో వినేవాళ్ళు మాట్లాడినట్టు, ఉండాల్సిన దానికన్నా గట్టిగా.

"ఎవరు మేడమ్ ఫోన్‌లో?"

అక్క ఆ పిల్లకి వినపడే చెవి వైపుకి జరిగినట్టుంది. తరవాత మాట దగ్గరగా, స్పష్టంగా వినపడింది.

"మా చెల్లెలు. మన మీద ఓ కన్నేసి ఉంచుతుంది."